హెర్మిట్ క్రాబ్ ట్యాంకుకు ‘లైటింగ్ కిట్’ కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

పెట్టె మీద పీత బొమ్మ ఉన్నంత మాత్రాన అందులోని సామాను పీతకు పనికివస్తుందని దయచేసి నమ్మవద్దు. హెర్మిట్ క్రాబ్ అంటే ఖాళీ నత్తగుల్లలో ఒదిగి, దాన్ని మోసుకుంటూ తిరిగే పీత. పోయిన అక్టోబరులో 64 డాలర్లు పెట్టి మేము కొన్న ‘హెర్మిట్ క్రాబ్ లైటింగ్ కిట్’ మా ఇంట్లోని రెండు పీతలనూ ఎండబెట్టింది. వాటిలో ఒకటి నవంబరు చివరి వారంలో చనిపోయింది. అమెరికాలో ఉన్న మన కుటుంబాలు వేసవిలో సముద్రతీరానికి వెళ్లినప్పుడు పిల్లలు ముచ్చటపడ్డారని ఈ పీతలను కొని తేవడం, చలి మొదలయ్యేసరికి వాటికి వెచ్చదనం కావాలని ఇలాంటి కిట్ల కోసం దుకాణానికి వెళ్లడం నాకు తెలిసిన నాలుగైదు ఇళ్లలోనే జరిగింది. ఇంకొకరు ఆ పెట్టెను ఇంటికి తెచ్చుకోకముందే అందులో ఏముందో, అది ఏం చేస్తుందో తెలియాలని వివరంగా రాస్తున్నాను.

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. జులైలో న్యూజెర్సీ తీరంలోని ఒక బోర్డ్‌వాక్ (సముద్రపు ఒడ్డున చెక్కలతో వేసిన నడకదారి) దుకాణంలో రెండు పీతలను ఎంచుకుంది. ఎడమవైపు పెద్ద ముందుకాలు ఊదారంగులో ఉండే కరీబియన్ జాతి అవి. సీనోబిటా క్లైపియాటస్ అన్నది దాని శాస్త్రీయ నామం. కరీబియన్ దీవుల్లోనూ ఫ్లోరిడా దక్షిణపు కొసలోనూ చెట్ల కింద తడి ఆకుల మధ్య బతికే జీవి అది. అమ్మకానికి వచ్చే పీతలు దాదాపు అన్నీ అక్కడి అడవి నుంచి, తీరం నుంచి పట్టి తెచ్చినవేనని, సరైన పోషణ ఉంటే ఇవి పదేళ్లకు మించి కూడా బతుకుతాయని నాకు తర్వాత తెలిసింది. ఆ సంగతి కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు. జులై, ఆగస్టు నెలల్లో మా ప్రాంతపు గాలిలోనే ఉక్క ఎక్కువ కాబట్టి పీతలు హుషారుగానే తిరిగాయి. ఆ రెండు నెలలు చూసి మా ఏర్పాటు సరిగ్గానే ఉందని అనుకున్నాము.

అక్టోబరులో రాత్రులు చల్లబడ్డాక పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్లి అడిగితే, అక్కడి ఉద్యోగి ఆలోచించకుండా ఈ కిట్‌ను చేతికిచ్చాడు. అందులో క్లిప్పుతో బిగించే లోహపు డోమ్ (బల్బు మీద బోర్లించిన గిన్నెలా ఉండే కప్పు), పగటికి 75 వాట్ల తెల్ల బల్బు, రాత్రికి 60 వాట్ల ఎర్ర బల్బు, సన్నని ఇనుప జాలీ మూత, తేమ చూపించే ముల్లు మీటరు ఒకటి ఉన్నాయి. రెండు బల్బులూ వెలుగుతో పాటు వేడినీ ఇచ్చేవే. ‘పగలు తెల్లది, రాత్రి ఎర్రది, ఇరవై నాలుగు గంటలూ ఏదో ఒకటి వెలుగుతూ ఉండాలి’ అని అతను చెప్పిన మాటే పెట్టె మీద కూడా ఉంది. మేము అక్షరం తప్పకుండా పాటించాము.

రెండో వారానికే పీతలు బయటికి రావడం తగ్గించాయి. ఎండలో తిరగడం ఇష్టపడని, చీకటి పడ్డాకే మేతకు బయలుదేరే జీవికి మేము చీకటన్నదే లేకుండా చేశామని అప్పుడు నాకు తట్టలేదు. ట్యాంకులోని ఇసుక పైపొర అప్పడంలా గట్టిపడి, వేలితో నొక్కితే పలకలు పలకలుగా విరిగేది. చిన్న పీత నీళ్ల గిన్నె పక్కనే ఒక మూల కూర్చుండిపోయింది. ఎప్పుడూ ఆడుతూ ఉండే దాని మీసాలు కదలడం మానేశాయి, ఒక కాలు గుల్లలోంచి బయటికి వేలాడుతూ ఉండేది. ‘అమ్మా, దీనికి దాహం వేస్తోంది’ అని మా అమ్మాయి రోజూ అంటూనే ఉంది. నేను మీటరు వైపు చూసి, ముల్లు 80 దగ్గర ఉంది కాబట్టి తేమ సరిపోయిందని తనకు సర్దిచెప్పాను. ఒకరోజు పొద్దున్నే చూసేసరికి ఆ పీత గుల్లను పూర్తిగా వదిలేసి, మెత్తని ఒళ్లంతా బయటపడి ఇసుక మీద పడి ఉంది. ఆ సాయంత్రానికి ప్రాణం పోయింది. పసిపిల్ల కళ్లతో చూసి చెప్పిన దాన్ని కాదని పది డాలర్లు చేయని మీటరును నమ్మినందుకు నేను ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఇందులో లోపం ఎక్కడుందో చెబుతాను. ఈ పీత నేల మీద తిరిగినా ఊపిరి తీసుకునేది మొప్పలతోనే. ఆ మొప్పలు తడిగా ఉన్నంతవరకే పనిచేస్తాయి, ఎండిపోతే దానికి ఊపిరాడదు. అందుకే ట్యాంకులో తేమ 75 నుంచి 85 శాతం మధ్య ఉండాలి. వేడి కూడా ఇంచుమించు అవే అంకెల్లో, 75 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 24 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. గాలిని వేడిచేసినప్పుడు అందులోని ఆవిరి ఎక్కడికీ పోకపోయినా తేమ శాతం పడిపోతుంది, ఎందుకంటే వెచ్చని గాలికి మరింత ఆవిరిని ఇముడ్చుకునే శక్తి ఉంటుంది. మా గదిలో 68 డిగ్రీల వద్ద 40 శాతం తేమ ఉన్న గాలినే అదనంగా నీరు చేర్చకుండా 84 డిగ్రీలకు వేడిచేస్తే తేమ సుమారు 23 శాతానికి దిగిపోతుంది. దానికి తోడు జాలీ మూత. కింద తడి ఇసుక నుంచి లేచిన ఆవిరి వేడి గాలితో పాటు పైకి వెళ్లిపోతుంటే, చలికాలంలో ఇంటి హీటరు ఎండగట్టిన గది గాలి దాని స్థానంలోకి వస్తూ ఉంటుంది. పూటపూటా నీళ్లు చల్లినా అరగంటలో మళ్లీ మొదటికే వచ్చేది. ఇవి ఇసుకలోపల సొరంగం చేసుకుని, వారాల తరబడి అక్కడే ఉండి కుబుసం విడుస్తాయి. అందుకు కనీసం ఆరు అంగుళాల లోతున, పిల్లలు ఇసుకగూళ్లు కట్టేంత తడితో ఇసుక ఉండాలి. పైనుంచి బల్బు కాల్చిన ఇసుకలో సొరంగం నిలవదు.

ఇక ముల్లు మీటరు సంగతి. పీత పోయాక డిజిటల్ మీటరు ఒకటి తెచ్చి పక్కన పెడితే ముల్లు 80 చూపిస్తున్న చోటే అది 46 చూపించింది. ఏది నిజమో తేల్చుకోవడానికి ఉప్పు పరీక్ష చేశాను. చిన్న మూతలో వంట ఉప్పు పోసి, ముద్ద అయ్యేంత వరకు మాత్రమే నీరు చేర్చి, దాన్ని మీటర్లతో పాటు జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో గాలి బయటికి పోకుండా మూసి ఎనిమిది గంటలకు పైగా ఉంచాలి. తడి ఉప్పు చుట్టూ ఉన్న గాలి 75 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. డిజిటల్ మీటరు 73 చూపించింది. కిట్‌లో వచ్చిన మీటరు ముల్లు సంచిలోనూ, సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాక కూడా 80 దగ్గరే ఉండిపోయింది.

దుకాణం వారి దగ్గరికి తిరిగి వెళ్తే, తెరిచిన పెట్టెకు డబ్బు ఇవ్వలేమన్నారు. దాంతో ఊరుకోకుండా, మూత మార్చుకోమని గాజు మూత ఒకటి, పీతలకు ఎండ లోటు తీరుతుందని యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) బల్బు ఒకటి కలిపి మరో 45 డాలర్లకు అమ్మారు. గాజు మూత మంచిదే. అయితే మామూలు గాజు యూవీబీ కిరణాలను లోపలికి రానివ్వదు కాబట్టి ఆ మూత మీద పెట్టిన ఆ బల్బు డబ్బు దండగ. ఈ పీతలకు యూవీబీ తప్పనిసరా కాదా అన్న విషయంలో పెంచేవారి మధ్య ఏకాభిప్రాయం లేదు. కావాలనుకున్నవారు కూడా గాజు అడ్డం లేకుండా, బల్బు పెట్టె మీద చెప్పిన దూరంలో అమర్చితేనే దానికి అర్థం ఉంటుంది. ఆ రెండింటినీ ఒకే బిల్లులో అమ్మినవారికి ఈ చిన్న విషయం తెలియకపోవడం నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

మరో ప్రమాదం కూడా ఉంది. డోమ్ ఆనిన చోట మా ట్యాంకు పైఅంచు ప్లాస్టిక్ చట్రం మెత్తబడి వంగిపోయింది. పిల్లలు చేయి పెట్టే ఎత్తులో, క్లిప్పు ఆధారంతో మాత్రమే నిలిచే 75 వాట్ల బల్బు రాత్రింబవళ్లు వెలుగుతూ ఉండటం ఇంటికీ మంచిది కాదు.

వెలుగుకూ వేడికీ ఒకే వస్తువును వాడకూడదని ఇంత నష్టపోయాక గ్రహించాము. ఇప్పుడు వెలుగు కోసం గాజు మూత మీద సన్నని ఎనిమిది వాట్ల తెల్లని ఎల్ఈడీ పట్టీ ఉంది. దాని వేడి లోపలి గాలిని మార్చదు. టైమర్ పెట్టడం వల్ల పొద్దున ఎనిమిదికి వెలిగి రాత్రి ఎనిమిదికి ఆరిపోతుంది. కరీబియన్ ప్రాంతంలో ఏడాది పొడవునా పగలు సుమారు 11 నుంచి 13 గంటలు ఉంటుంది కాబట్టి పన్నెండు గంటలు సరిపోతుంది. రాత్రి ఏ రంగు బల్బూ వెయ్యడం లేదు. వేడి కోసం ట్యాంకు వెనక గాజుకు బయటివైపు, ఇసుక మట్టానికి పైన హీట్ మ్యాట్ (కరెంటుతో వెచ్చబడే పలుచని పట్ట) అతికించి, దానికి వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ తగిలించాము. మ్యాట్‌ను ట్యాంకు కింద పెట్టమని ఎవరైనా చెబితే వినవద్దు. ఇసుక అడుగున కుబుసం విడుస్తున్న పీతకు తప్పించుకునే దారి ఉండదు.

ఇప్పటికే ఈ కిట్ కొన్నవారు ఈ రాత్రికే ఎర్ర బల్బు తీసేయండి, గది వెచ్చగా ఉంచండి. జాలీ మూత మీద వంటింట్లో వాడే ప్లాస్టిక్ ర్యాప్ పరిచి, ఒక మూల చిన్న సందు మాత్రం వదలండి. పొడిబారిన ఇసుకను క్లోరిన్ తీసిన నీటితో కొంచెం కొంచెంగా తడపండి. నీరు అడుగున నిలవకూడదు. ఎండిపోయిన ట్యాంకును ఒక్కసారిగా చిత్తడి చేయవద్దు. పీత ఇసుకలోకి వెళ్లి కనిపించకపోతే తవ్వవద్దు. మా రెండో పీత డిసెంబరు రెండో వారంలో అలాగే లోపలికి వెళ్లింది. యాభై మూడు రోజుల తర్వాత, లైటు ఆరిన పావుగంటకు దాని గుల్ల గాజుకు టకటక తగులుతోందని మా అమ్మాయి పిలిస్తే వెళ్లి చూశాము. కాళ్లన్నీ కొత్త రంగుతో మెరుస్తున్నాయి, మీసాలు ఆడుతున్నాయి.