రెండున్నరేళ్ల 4×4 పరుగు: గుండె దడతో మొదలై ఇక్కడిదాకా

2022 చివర్లో నాకు గుండె దడ మొదలైంది. ఆఫీసులో నెలాఖరు లెక్కలు ముగించేటప్పుడు వచ్చేది. రాత్రి రెండింటికి నిద్ర లేపి మరీ వచ్చేది. చేతులు చల్లబడిపోయి, ఛాతీ బరువెక్కి, ఇక ఇదే ఆఖరేమో అనిపించేది. రెండుసార్లు అర్ధరాత్రి మా ఆయన బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండుసార్లూ ఈసీజీ బాగానే వచ్చింది. గుండెకి ఏమీ లేదని, ఇది టెన్షన్ వల్ల వచ్చే పానిక్ అని చెప్పి, మానసిక వైద్యుల దగ్గరికి పంపించారు. అప్పటికి నాకు 41 ఏళ్లు.

అప్పటికే రెండేళ్లుగా రోజూ పొద్దున నలభై నిమిషాలు నడుస్తున్నాను. నడకని తక్కువ చేసి మాట్లాడను. నడుము నొప్పి తగ్గింది నడకతోనే. కానీ దడ మీద మాత్రం అది పని చేయలేదు. ఎందుకో తర్వాత అర్థమైంది. నడుస్తున్నప్పుడు నా గుండె ఎప్పుడూ గట్టిగా కొట్టుకోలేదు. గుండె గట్టిగా కొట్టుకున్న సందర్భాలన్నీ భయంతో కొట్టుకున్నవే. నా ఒంటికి దడ అంటే భయం, భయం అంటే దడ. ఆ రెంటినీ విడదీసింది 4×4. ఈ సమీక్షలో నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే.

4×4 అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా మెల్లగా పరుగు. తర్వాత నాలుగు నిమిషాలు గట్టిగా, అంటే గుండె గరిష్ఠ వేగంలో 85 నుంచి 95 శాతం దాకా చేరేలా. తర్వాత మూడు నిమిషాలు మెల్లగా. అలా నాలుగు విడతలు. నాలుగో విడత అవగానే ఐదు నిమిషాలు నడక. మొత్తం నలభై నిమిషాలు. 2007లో వాళ్లు అచ్చువేసిన అధ్యయనంలో ఎనిమిది వారాలు చేసినవాళ్లకి, మెల్లగా ఎక్కువసేపు పరుగెత్తినవాళ్ల కంటే ఆక్సిజన్ వాడుకునే శక్తి ఎక్కువగా పెరిగింది. అయితే వాళ్లంతా ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు, వారానికి మూడుసార్లు చేశారు. నలభై దాటి, ఇంటి పనీ ఆఫీసు పనీ చూసుకునే మనిషి ఆ లెక్కని అలాగే దింపుకోకూడదు. నేను వారానికి ఒక్కసారే చేస్తాను.

మొదలుపెట్టే ముందు డాక్టరుగారిని అడిగాను. "పరుగు సంగతి తర్వాతమ్మా, ముందు రక్తం సంగతి చూద్దాం" అన్నారు. థైరాయిడ్ బాగానే ఉంది. ట్రెడ్‌మిల్ టెస్టు కూడా బాగానే ఉంది. హిమోగ్లోబిన్ మాత్రం 9.8. రక్తం తక్కువైనా దడ వస్తుందని నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. మూడు నెలలు ఐరన్ మాత్రలు వేసుకున్నాను. మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లోపు టీ తాగితే ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదని ఆయనే చెప్పారు. పొద్దున మాత్ర, వెంటనే టీ, ఇది మన ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్ల అలవాటో! నేనూ అంతే. టీ వేళ మార్చాక హిమోగ్లోబిన్ 12 దాకా వచ్చింది. దడలో కొంత భాగం అక్కడే తగ్గిపోయింది. అందుకే వ్యాయామం మొదలుపెడదాం అనుకునే ఆడవాళ్లు బూట్లు కొనేముందు ఆ టెస్టు చేయించుకోవాలని గట్టిగా చెబుతాను.

నేను మొదట చేసిన తప్పు జిమ్. ఐరన్ మాత్రలు పూర్తవుతూనే దగ్గర్లో ఉన్న ఒకదాంట్లో చేరాను. మొదటి రోజే ట్రైనర్ గుంజీళ్లు, బర్పీలు (కిందికి వంగి, పడుకుని, లేచి గెంతడం), డంబెల్స్ అన్నీ గంటసేపు ఆపకుండా చేయించాడు. నొప్పి వస్తేనే పని చేసినట్టు అన్నాడు. మూడో రోజు పొద్దున జడ వేసుకోవడానికి చేతులు పైకి లేవలేదు. మోచేతులు చెవుల దాకా వచ్చి ఆగిపోయాయి. మా అమ్మాయి జడ వేసింది. ఆ వారమే అతను ప్రొటీన్ పౌడరు డబ్బా కొనమని మొదలుపెట్టాడు. నెల డబ్బులు పోయినా మళ్లీ అటు వెళ్లలేదు. కొత్తవాళ్లని మొదటిరోజే అలా నలిపేయడం తప్పు. దాని వల్ల ఎంతోమంది రెండో వారానికే మానేస్తారు, తమ వల్ల కాదని జీవితాంతం అనుకుంటారు. నాకు ఆ కోపం ఇప్పటికీ ఉంది.

తర్వాత బీచ్ రోడ్డుకి వచ్చాను. విశాఖలో ఉన్నవాళ్లకి ఇదొక అదృష్టం. తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర వాహనాలు ఆపేస్తారు, రోడ్డంతా మనదే. మూడు నెలలు నడక, పరుగు కలిపి చేశాను. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ఆగకుండా ఇరవై నిమిషాలు పరుగెత్తగలిగాకే 4×4 మొదలుపెట్టాను.

మొదటిసారి సంగతి బాగా గుర్తుంది. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర మొదలుపెట్టాను. మొదటి నాలుగు నిమిషాలు ఫరవాలేదు. రెండో విడతలో ఊపిరి శబ్దం నాకే వినిపించడం మొదలైంది. మూడో విడత మూడో నిమిషంలో గుండె గొంతులోకి వచ్చింది. చెవుల్లో టకటకమని కొట్టుకుంటోంది. సరిగ్గా రాత్రి రెండింటికి వచ్చే దడే. అదే బిగువు, అదే వేడి, అరచేతుల్లో అదే తిమ్మిరి. కాళ్లు ఆగిపోయాయి. రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చుని మణికట్టు మీద వేలు పెట్టాను. రెండు నిమిషాలు గడిచేసరికి గుండె తనంతట తనే నెమ్మదించింది. ఏమీ కాలేదు. సముద్రం అలాగే ఉంది, పల్లీలు అమ్మే ఆవిడ పొయ్యి అంటించుకుంటోంది. ఆ రోజు నాలుగో విడత చేయలేదు.

మరుసటి వారం మళ్లీ వెళ్లాను. మళ్లీ మూడో విడతలో అదే వచ్చింది, కానీ ఈసారి కూర్చోలేదు, మెల్లగా నడిచాను. ఐదో వారమో ఆరో వారమో నాలుగూ పూర్తి చేశాను. నేనే గుండెని పరుగెత్తిస్తున్నాను, నేనే దాన్ని నెమ్మదింపజేస్తున్నాను. వారం వారం ఇదే జరుగుతుంటే ఒంటికి నమ్మకం కుదిరింది. తర్వాత మా మానసిక వైద్యులకి చెబితే, పానిక్‌కి చేసే చికిత్సలో కూడా ఇలాంటి పద్ధతి ఉందని, భయపెట్టే లక్షణాన్ని కావాలనే తెప్పించి అది ప్రమాదం కాదని ఒంటికి అలవాటు చేస్తారని చెప్పారు.

పోయిన నవంబరులో ఒకరోజు అర్ధరాత్రి అమ్మ ఫోన్ చేసింది. నాన్నగారు బాత్రూంలో జారిపడ్డారట. పెద్ద దెబ్బేమీ కాదు. ఫోన్ పెట్టేశాక దడ వచ్చింది, పాతదే. మంచం మీద కూర్చుని, ఇది మూడో విడత, ఇంకో నిమిషం అంతే అనుకున్నాను. తగ్గింది. లేచి నీళ్లు తాగి పడుకున్నాను, నిద్ర పట్టింది. రెండేళ్ల క్రితమైతే ఆ రాత్రి కూడా ఎమర్జెన్సీలోనే తెల్లారేది.

మందుల గురించి స్పష్టంగా చెప్పాలి. పరుగు మొదలుపెట్టాను కదా అని మానసిక వైద్యులు రాసిన మాత్రలు నా అంతట నేను ఆపలేదు. పద్నాలుగు నెలల తర్వాత డాక్టరుగారే కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చి ఆపించారు. ఇంకో విషయం, దడకి చాలామందికి ప్రొప్రనలాల్ రాస్తారు. నాకూ మొదటి ఆరు నెలలు రాశారు. ఆ మాత్ర గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది. అది వేసుకునే రోజుల్లో వాచీలో అంకె 85 శాతానికి చేరడం లేదని ఇంకా ఇంకా గట్టిగా పరుగెత్తితే ఒళ్లు పాడు చేసుకోవడమే. అప్పుడు మాటే కొలత. ఒక్కొక్క మాట తప్ప వాక్యం పలకలేకపోతే గట్టిగా చేస్తున్నట్టు. పాట పాడలేకపోయినా కబుర్లు చెప్పగలిగితే మెల్లగా చేస్తున్నట్టు. గుండె గరిష్ఠ వేగం కోసం 220లోంచి వయసు తీసేసే లెక్క కూడా అందరికీ సరిపోదు. ఆ లెక్కన నాకు 179 రావాలి. మాత్ర ఆపాక ఒకసారి 188 దాకా వెళ్లింది.

నాకు అన్నిటికంటే కష్టమైంది గట్టిగా పరుగెత్తడం కాదు, మెల్లగా పరుగెత్తడం. 4×4 అలవాటయ్యాక మిగతా రోజుల్లో కూడా ఆవేశంగా పరుగెత్తేదాన్ని. పక్కన ఎవరైనా దాటిపోతే పట్టుదల వచ్చేది. మూడో నెలలో మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి మొదలైంది. వేలితో నొక్కితే ప్రాణం పోయినట్టు ఉండేది. మూడు వారాలు పూర్తిగా ఆగిపోవాల్సి వచ్చింది. ఫిజియోథెరపిస్ట్ ఒక్కటే అడిగారు, "వారంలో ఎన్ని రోజులు ఆయాసం వచ్చేలా పరుగెడుతున్నారు?" ఆరు అన్నాను. రెండు చేయండి అన్నారు. అంతే. అప్పటి నుంచి ఆయాసం వచ్చేది వారానికి రెండు రోజులే. బుధవారం 4×4, శనివారం కైలాసగిరి మెట్లు. మంగళ, శుక్రవారాలు కబుర్లు చెప్పగలిగేంత మెల్లగా అరగంట. సోమ, గురువారాలు బరువులు. ఆదివారం సెలవు. నెలసరి మొదటి రెండు రోజులు 4×4 పెట్టుకోను, నడుస్తాను. ఈ పద్ధతిలోకి వచ్చాక మళ్లీ దెబ్బ తగల్లేదు.

బరువులకి వేరే జిమ్ దొరికింది. అక్కడి కోచ్ నెల రోజులు ఖాళీ రాడ్డుతోనే చేయించింది. ఇప్పుడు డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీంచి బరువు ఎత్తడం, 60 కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు ఉంటుంది. బండబ్బాయి గుమ్మంలో దింపి వెళ్లిపోతే ఒకప్పుడు సాయంత్రం మా ఆయన వచ్చేదాకా అక్కడే ఉండేది. ఇప్పుడు నేనే వంటగదిలోకి తెచ్చుకుంటున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పమని ఉంది. మన ఆడవాళ్లు దాన్ని అసలు పట్టించుకోం, నడక ఒక్కటే చాలనుకుంటాం.

అంకెలు అడిగేవాళ్ల కోసం చెబుతున్నాను. కూర్చున్నప్పుడు నాడి 84 ఉండేది, ఇప్పుడు 62. మూడు నెలల షుగర్ సగటు 6.0 ఉండేది, ఇప్పుడు 5.6. నాలుగు నిమిషాల్లో మొదట్లో 500 మీటర్లు పోయేదాన్ని, ఇప్పుడు 650. బరువు మాత్రం 71 నుంచి 67కే వచ్చింది, అది కూడా రెండున్నరేళ్లకి. బరువు తగ్గడానికే ఇది మొదలుపెట్టేవాళ్లు నిరాశపడతారు. నాకు పరుగెత్తిన రోజు ఆకలి రెట్టింపు అవుతుంది. అన్నం మానలేదు. పొద్దున వెళ్లేముందు ఒక అరటిపండు, వచ్చాక పెసరట్టు, రెండు గుడ్లు. పప్పు, పెరుగు మోతాదు పెంచాను. నిద్ర మాత్రం రెండో నెలకే మారింది. తొమ్మిదిన్నరకి కళ్లు మూతపడతాయి. సాయంత్రం పూట 4×4 చేసి చూశాను. ఆ రాత్రి పదకొండైనా నిద్ర రాలేదు, మళ్లీ చేయలేదు.

విశాఖలో చేసేవాళ్లకి వేసవి గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో ఆరింటికే ఎండ వచ్చేస్తుంది. ఎండ కంటే ఉక్క ఎక్కువ ఇబ్బంది. చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఇంటికొచ్చి టీషర్టు ఆరేస్తే వీపు మీద ఉప్పు చారలు తెల్లగా, ముగ్గు గీసినట్టు కనిపిస్తాయి. అలాంటి రోజు అదే వేగానికి గుండె పది పన్నెండు ఎక్కువ కొట్టుకుంటుంది. నేను మే నెలలో నాలుగు విడతల్ని మూడు చేస్తాను, వేగం తగ్గిస్తాను. వచ్చాక లీటరు నీళ్లలో కలిపే ఓఆర్ఎస్ సగం తాగుతాను. మజ్జిగలో ఉప్పు వేసుకున్నా సరిపోతుంది.

ఖర్చు గురించి చెప్పాలంటే బూట్లే. మొదట 1,800 పెట్టి కొన్నవి ఆరు నెలలకే మడమ దగ్గర ఒక పక్కకి అరిగిపోయాయి. తర్వాత 4,500వి కొన్నాను, ఇప్పుడు వాడేది మూడో జత. వాచీ తప్పనిసరి కాదు. జిమ్ నెలకి 1,200.

ఇది అందరికీ చెప్పను. నడుస్తున్నప్పుడు ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్నా ముందు గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నాకు కూడా దడ పానిక్‌దే అని తేలాకే ఇదంతా. ఆ పరీక్షలు లేకుండా, టెన్షన్ వల్లే అని మనకి మనమే తేల్చేసుకుని పరుగెత్తకూడదు.

రెండు వారాలుగా మా అక్క కూడా నాతో బీచ్ రోడ్డుకి వస్తోంది. ఆమెకి 47. రెండో రోజే "నాకూ ఆ నాలుగు నిమిషాలది నేర్పవే" అంది. ఇప్పుడే కాదన్నాను. నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అంతే చేయిస్తున్నాను. నా వేగం తగ్గిపోతోందని తనే బాధపడుతుంది కానీ, అవి నా మెల్లగా చేసే రోజులే. హిమోగ్లోబిన్ టెస్టు చీటీ ఆమె బ్యాగులోనే ఉంది. ఈ శనివారం మెట్లు మానేసి తనతో ల్యాబుకి వెళ్తున్నాను.