నారుమడికి వ్యామ్ గుళికలు: గుణుపూర్ ఎర్రనేలలో నేను చూసింది

ఈ వ్యామ్ గుళికలకు ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ ప్యాకెట్టు మీద కోపంతోనే, లోపలి సరుకు మీద కాదు.

మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపూర్ పక్కన, వంశధార ఒడ్డు దాటి పైకి వస్తే తగిలే ఏటవాలు నేల. ఇసుక పాలు ఎక్కువ. శ్రావణంలో ముసురు పట్టిందంటే వేసిన ఎరువులో మొక్కకు అందిందెంతో, నీళ్లతో పోయిందెంతో దేవుడికే తెలియాలి. అందుకే టమాటా, వంగ నారు పోసేటప్పుడు ఈ గుళికలు వేస్తున్నాను.

ఇందులో ఉండేది మొక్క వేళ్లలో కాపురం పెట్టే శిలీంద్రం, మైకోరైజా. షాపులో వ్యామ్ అని అడిగితే ఇస్తారు. భాస్వరం మట్టిలో తనంతట తాను వేరు వైపు పెద్దగా కదలదు. వేరు చుట్టూ ఉన్నది అయిపోతే మొక్క అక్కడే ఆగిపోతుంది. ఈ శిలీంద్రం వేరు నుంచి సన్నని పోగులు బయటికి పంపి, వేరుకు అందని చోటి నుంచి భాస్వరం తెచ్చిస్తుంది, బదులుగా మొక్క దగ్గర చక్కెర తీసుకుంటుంది. అలా పట్టుకున్నది ఇక వాన నీటితో కిందికి జారదు. స్విట్జర్లాండ్‌లో పనిచేసే శాస్త్రవేత్త మార్సెల్ వాన్ డెర్ హైడెన్ గడ్డి మొక్కలతో ప్రయోగం చేసి, శిలీంద్రం ఉన్న మట్టి నుంచి నీళ్లతో కారిపోయే భాస్వరం తగ్గిందని 2010లో ప్రచురించారు. మా లాంటి నేలలకు కావలసింది సరిగ్గా అదే. యూరియా నుంచి వచ్చే నైట్రేటు సంగతి వేరు, దాని మీద ఫలితం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కాబట్టి యూరియా ఎప్పటిలాగే దఫాలుగా వేయండి.

గుళికలు వేసిన మడిలో నారు పీకితే వేళ్లకు మట్టి గుత్తిగా పట్టుకుని వచ్చింది, దులిపినా పూర్తిగా రాలలేదు. వేయని మడిలో వేళ్లు బోడిగా వచ్చేశాయి. నాటాక కూడా వేసిన నారే ముందు తేరుకుంది. భాస్వరం చాలనప్పుడు టమాటా ఆకు అడుగున వచ్చే ఊదా చాయ ఈసారి నాకు కనిపించలేదు, అదీ భాస్వరం ఎరువైన డీఏపీ తగ్గించి వేసిన మడిచెక్కలో!

డీఏపీ తగ్గించడం ముఖ్యం. భాస్వరం దండిగా దొరికితే మొక్క ఈ శిలీంద్రాన్ని దగ్గరికి రానివ్వదు. నారుమడిలో శిలీంద్రాలను చంపే మందు కార్బెండజిమ్ పోసినా దెబ్బే. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవాలకు కొనకండి, ఆ జాతి వేళ్లలో ఇది నిలవదు.

ఇక నా ఫిర్యాదు. ప్యాకెట్టు మీద తయారీ తేదీ చెరిగిపోయి ఉంది. వాడే పద్ధతి ఇంగ్లీషు, హిందీల్లోనే రాశారు, ఒడియా లేదు, తెలుగు అసలే లేదు. మా పక్క పొలం పెద్దాయన దీన్ని నీళ్లలో కలిపి ఆకుల మీద పిచికారీ చేశారు, డబ్బంతా వృథా. ఇది వేరుకు తగలాలి. విత్తనం కింద గీతలోనో, నాటే గుంతలోనో పడాలి. రైతు చదవగలిగే నాలుగు ముక్కలు అచ్చు వేయడానికి కంపెనీకి ఏం ఖర్చవుతుంది?

కొనేటప్పుడు తేదీ చూడండి, గ్రాముకు ఎన్ని సిద్ధబీజాలు (శిలీంద్రానికి విత్తనాల్లాంటివి) ఉన్నాయో రాశారా చూడండి. ఇవి ప్రాణమున్నవి. రేకుల షెడ్డులో ఎండకు పెట్టిన పెట్టె నుంచి తీసిస్తే వద్దని, నీడలో ఉంచింది అడగండి.