పదకొండేళ్ల సీజన్ టికెట్: బండి ఎక్కడుందో చెప్పేవాటి మీద ఒక సమీక్ష

జనగామ నుంచి హైదరాబాద్ సిటీకి సీజన్ టికెట్ మీద తిరగబట్టి పదకొండేళ్లు. 2020 మార్చిలో బండ్లన్నీ ఆగిపోయిన కాలం తప్ప పాస్ రెన్యువల్ చేయించని నెల లేదు. పొద్దున ఎనభై చిల్లర కిలోమీటర్లు, సాయంత్రం మళ్లీ అంతే. నా జీవితంలో ఎన్ని రోజులు రైల్లో గడిచాయో మా ఆవిడ ఒకసారి కాగితం మీద లెక్కేసింది. ఆ కాగితం నేను చూడలేదు.

బండి లేటవడం అలవాటైపోయింది. ఎంత లేటో తెలియకపోవడం మాత్రం ఇప్పటికీ అలవాటు కాలేదు.

సాయంత్రం ఆరింటికి స్టేషన్‌కు చేరేసరికి నా ముందుండే లెక్క ఇది. బండి అరగంట లేటైతే టీ తాగి కూర్చుంటాను. గంటన్నర లేటైతే మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగి, రింగ్ రోడ్డు దగ్గర వరంగల్ బస్సు పట్టుకుంటాను. ఈ నిర్ణయం పది నిమిషాల్లో జరిగిపోవాలి. ఏడు దాటాక ఉప్పల్‌కు పోతే బస్సు దొరుకుతుంది గానీ అందులో కాలు పెట్టే చోటు దొరకదు. నాలాగే రైలును నమ్ముకుని చివర్లో మనసు మార్చుకున్న జనమంతా అక్కడే ఉంటారు. అందుకే బండి సంగతి చెప్పే ఏ సాధనాన్నయినా నేను అడిగేది ఒకటే ప్రశ్న: ఉండమంటావా, పొమ్మంటావా?

మొదట్లో 139కి ఫోన్ చేసేవాణ్ని. రైలు నంబరు నొక్కితే ఎక్కడుందో చెబుతుంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు ఇప్పటికీ అదే దిక్కు. మా పెట్టెలో ఆకుకూరల గంపతో వచ్చే అవ్వ తరఫున నేను ఈరోజుకీ చేసి పెడతాను. దాని గురించి అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

తర్వాత ఎన్‌టీఈఎస్, బండ్ల రాకపోకలు చూపించే రైల్వే యాప్. రైల్వే వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ తయారుచేసింది. చాలామంది దీన్ని పట్టించుకోరు, చూడ్డానికి ప్రభుత్వ ఆఫీసు నోటీసు బోర్డులా ఉంటుంది కాబట్టి. కానీ రద్దయిన బండ్లు, దారి మళ్లించిన బండ్లు, టైం మార్చిన బండ్లు వేర్వేరుగా చూపించే పేజీలు ఇందులో ఉన్నాయి. ప్రయాణానికి ముందు రాత్రి చూసుకోవాల్సింది అవే. నేనైతే వానాకాలంలో పడుకునే ముందు తప్పకుండా చూస్తాను.

ఆ సమాచారం అసలు ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టర్ గారి వల్ల తెలిసింది. కొన్నాళ్లు మా పెట్టెలోనే వచ్చేవారు. ఆయన డ్యూటీ చేసిన రోజుల్లో బండి తన స్టేషన్ దాటగానే ఆ టైం కంట్రోల్ ఆఫీసుకు ఫోన్‌లో చెప్పేవారట. అక్కడ కంట్రోలర్ పెద్ద చార్టు మీద పెన్సిల్‌తో గీత గీసేవాడు. ఇప్పుడా చార్టు కంప్యూటర్‌లోకి ఎక్కింది, అందులోని టైములే మన ఫోన్ దాకా వస్తున్నాయి. అంటే బండి స్టేషన్ దాటితేనే వార్త. రెండు స్టేషన్ల మధ్య నిలబడిపోతే వార్త లేదు. ఇస్రోతో కలిసి ఇంజన్లకు ఆర్‌టీఐఎస్ పరికరాలు పెట్టడం మొదలయ్యాక కొంత మారింది. ఆ పరికరం ఉన్న ఇంజన్ 30 సెకన్లకోసారి తానెక్కడుందో తనే చెబుతుంది. అది లేని ఇంజన్ తగిలితే పాత కథే. ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డవాడికి వచ్చేది ఏ ఇంజనో తెలిసే దారి లేదు.

ఈ ఖాళీలోనే మోసపోతాం. ఒకరోజు నేను వాడే ఒక యాప్‌లో (పేరు వద్దులెండి) మా రైలు బొమ్మ ఘట్‌కేసర్ దాటి బీబీనగర్ వైపు మెల్లగా జారుతోంది. నేను ఆ రైల్లోనే ఉన్నాను. రైలు సిగ్నల్ కోసం పొలాల మధ్య నిలబడి ఉంది, కట్ట మీద నుంచి ఒక మేక మమ్మల్నే చూస్తోంది. యాప్ లెక్క ప్రకారం మేము ఆ మేకను దాటి మూడు కిలోమీటర్లు వెళ్లిపోయాం. తెలియనప్పుడు తెలియదని చెప్పకుండా, మామూలు వేగంతో పోతూ ఉంటుందని ఊహించి బొమ్మను నడిపించేస్తుంది. ఇంట్లో వాళ్లు అదే చూసి అన్నం వడ్డించి కూర్చుంటారు. చివరి కబురు ఎన్ని నిమిషాల క్రితం అందిందో కింద రాసి ఉంటుంది నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో. దాన్ని గమనించడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఇప్పుడు నేను ముందు చూసేది ఆ చీమ తలకాయనే.

వేర్ ఈజ్ మై ట్రైన్ దారి వేరు. బెంగళూరుకు చెందిన సిగ్మాయిడ్ ల్యాబ్స్ చేసింది, 2018లో గూగుల్ కొనుక్కుంది. రైల్లో కూర్చున్నవాడి ఫోన్ ఏ సెల్ టవర్ పరిధిలో ఉందో చూసి, ఇంటర్నెట్ గానీ జీపీఎస్ గానీ లేకపోయినా ఎక్కడున్నామో చెబుతుంది. లోపల ఉన్నవాడికి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. రాత్రి బండిలో కునుకు పట్టి జనగామ దాటి కాజీపేటలో లేచిన రోజులు నాకు ఉన్నాయి. ఇందులో అలారం పెట్టుకోవడం మొదలుపెట్టాక ఆ ముచ్చట తీరిపోయింది.

ఏ యాప్ అయినా చూపించే 'రావాల్సిన టైం' మీద మాత్రం నాకు నమ్మకం లేదు. కారణం టైం టేబుల్‌లోనే ఉంది. చాలా బండ్లకు చివరి స్టేషన్ ముందు కొన్ని నిమిషాలు అదనంగా కలిపి పెడతారు. అందుకే భువనగిరి దగ్గర 35 నిమిషాలు లేటున్న బండి సిటీలో ఆగేసరికి పది నిమిషాల లేటుకు దిగిపోతుంది. అదేదో ఉరుకులు పెట్టి వచ్చిందని కొత్తవాళ్లు మెచ్చుకుంటారు. చివరి దాకా పోయేవాడికి ఈ లెక్క బాగానే ఉంటుంది. ఆలేరులోనో జనగామలోనో దిగేవాడికి ఆ అదనపు నిమిషాల వల్ల ఒరిగేదేమీ లేదు.

లేటు ఒక రకం కష్టం. దారి మళ్లింపు పూర్తిగా ఇంకో రకం.

2024 సెప్టెంబర్ మొదటి వారం మా లైన్ మీద తిరిగేవాళ్లెవరూ మర్చిపోరు. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడుతున్న ఫొటోలు అందరి ఫోన్లలోకి వచ్చాయి. విజయవాడ వైపు బండ్లు కొన్ని రద్దు చేశారు, కొన్నిటిని నల్గొండ, గుంటూరు మీదుగా మళ్లించారు. అంత వరదలో అంతకన్నా ఎవరైనా చేసేదేమీ లేదు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

కాకపోతే మ్యాపు గుర్తున్నవాళ్లకు అర్థమవుతుంది. నల్గొండ లైన్ బీబీనగర్ దాటాక పగిడిపల్లి దగ్గర విడిపోతుంది. ఆ దారిలో పోయే బండి భువనగిరి, ఆలేరు, జనగామ, కాజీపేట, వరంగల్ ముఖం చూడదు. విజయవాడ పోయేవాడికి అది దారి మళ్లింపు. జనగామ పోయేవాడికి అది రద్దు. మా మాదిరి మధ్య స్టేషన్ల వాళ్లకు పెద్ద తేడా అదే, ఆ తేడానే ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం నా యాప్‌లో బండి పక్కన ఆకుపచ్చ రంగులో 'రైట్ టైం' అని ఉంది. అబద్ధం కాదు, బండి నిజంగానే టైంకు బయలుదేరింది. మా స్టేషన్ మైకులో దారి మళ్లించబడినదని వినిపించింది గానీ, ఏయే ఊళ్లకు పోదో చెప్పలేదు. 'మళ్లించబడినది' అనే మాట ఇంట్లో ఎవరైనా వాడగా విన్నారా?

నేను ఆరోజు అనుమానం వచ్చి ఎక్కలేదు. మా గ్రూపులో ఇద్దరు ఎక్కారు. బీబీనగర్ దాటిన కాసేపటికి బండి కుడివైపు లైన్ పట్టాక గ్రూపులోకి వాయిస్ మెసేజ్ వచ్చింది: "అన్నా, మనం నల్గొండ తొవ్వల పోతున్నమే!" అందులో ఒకాయన సంచిలో కూతురి పుట్టినరోజు కేకు ఉంది. ఇద్దరూ నల్గొండలో దిగి, బస్సులో భువనగిరి, అక్కడి నుంచి ఇంకో బస్సులో జనగామ చేరేసరికి అర్ధరాత్రి అయింది. కేకు మర్నాడు పొద్దున కోశారు.

లండన్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఈ కథ విని అక్కడి సంగతి చెప్పాడు. ట్యూబ్ రైలు ఆగిపోతే మైనర్ డిలేస్ అనో సివియర్ డిలేస్ అనో రాసి, పక్కనే కారణం రాస్తారట. దానికి తోడు ఇవే టికెట్లు లోకల్ బస్సుల్లో చెల్లుతాయని కూడా చెబుతారట. ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. మా సీజన్ టికెట్ జేబులో పెట్టుకుని ఉప్పల్‌లో బస్సెక్కితే పూర్తి టికెట్ కొనాల్సిందే. రైలు రాదని ముందే తెలిసినా సగం మంది ప్లాట్‌ఫామ్ వదలకపోవడానికి ఆ డబ్బు కూడా ఒక కారణం.

స్టేషన్ మైకు గురించి ఇంకో మాట. 'దయచేసి వినండి' అనే ఆ గొంతంటే నాకు ఇష్టమే, చిన్నప్పటి నుంచి వింటున్నాను. ప్లాట్‌ఫామ్ నంబరు విషయంలో ఇప్పటికీ ఫోన్ కన్నా మైకునే నమ్ముతాను. లేటు విషయంలోనే తంటా. అసౌకర్యానికి చింతిస్తున్నామని ఆ గొంతు ఒక సాయంత్రంలో పదిసార్లు అంటుంది. ఎందుకు లేటో ఒక్కసారీ అనదు. మాకు కావాల్సింది చింతించడం కన్నా కారణం. ఊరికే తెలుసుకుందామని కాదు, పాత కాపులకు కారణం తెలిస్తే టైం తెలిసినట్టే. వెనక వచ్చే పెద్ద బండికి దారి ఇవ్వడానికి లూప్‌లో, అంటే పక్క లైన్‌లో, పెట్టారంటే ఇరవై నిమిషాలు. ఇంజన్ ఫెయిలంటే రెండు గంటలకు తక్కువ కాదు, ఇంకో ఇంజన్ రావాలి. లైన్ బ్లాక్, అంటే పనుల కోసం లైన్ మూసేశారంటే, పొద్దున పేపర్లో వేసిన టైం దాకా కదలదు. మూడో లైన్ పనుల పుణ్యమా అని బ్లాక్ అనే మాట మా అవ్వకు కూడా తెలుసు. 'ఇంజన్ ఫెయిల్' అనే రెండు మాటలు మైకులో చెబితే ప్లాట్‌ఫామ్ సగం ఐదు నిమిషాల్లో ఖాళీ అవుతుంది.

2025లో సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం కోసం కొన్ని బండ్లను చర్లపల్లికి మార్చినప్పుడు సమాచారం బాగానే అందింది. పేపర్లలో వచ్చింది, మెసేజీలు వచ్చాయి, బండ్ల జాబితా వచ్చింది. ముందే తెలిసిన మార్పును అందరూ చక్కగా చెప్పగలరు. అప్పటికప్పుడు పుట్టుకొచ్చినదాన్ని చెప్పడంలోనే ఎవరి సత్తా ఎంతో బయటపడుతుంది.

మా సీజన్ పాసింజర్ల వాట్సాప్ గ్రూపు ఉంది. అప్పటికప్పుడు చెప్పడంలో దీన్ని మించింది లేదు. "ఆలేరు దాటింది, వెనక జనరల్‌లో జాగ ఉంది" అని ఏ యాప్ చెబుతుంది? అయితే పుకార్లూ ఇక్కడే పుడతాయి. ఒకసారి ఎవరో 'క్యాన్సిల్ అంట' అని పెడితే పదిహేను మంది ఉప్పల్‌కు వెళ్లిపోయారు, బండి ఏడింటికి శుభ్రంగా వచ్చింది. అప్పటి నుంచి మా గ్రూపులో 'అంట' నిషేధం. కళ్లతో చూసింది రాయాలి, లేదంటే ఎవరు చెప్పారో రాయాలి.

ఇన్ని సాధనాలు వాడాక కూడా నాకు అందరికన్నా పనికొచ్చినవాడు ఒక మనిషి. స్టేషన్ పేరు చెప్పను, ఎంక్వయిరీ కిటికీలో ఒకాయన ఉండేవాడు. బండి సంగతి అడిగితే మిగతావాళ్లలా 'వస్తది వస్తది' అనేవాడు కాదు. "సార్, కంట్రోల్ నుంచి ఇంకా ఏం రాలే. ఆరు నలభైకి మల్ల అడుగుత. అప్పుడు రాండ్రి" అనేవాడు. ఆరు నలభైకి పోతే నిజంగానే అడిగి ఉంచేవాడు. ఒక్కోసారి అప్పుడు కూడా ఏమీ తెలిసేది కాదు, 'ఏడింటికి రాండ్రి' అనేవాడు. అయినా ఆ ఇరవై నిమిషాలు నాకు టెన్షన్ ఉండేది కాదు. టీ తాగేవాణ్ని, ఇంటికి ఫోన్ చేసేవాణ్ని, బయటికి వెళ్లి అరటిపళ్లు కొనుక్కుని వచ్చేవాణ్ని. యాప్ చేతిలో ఉంటే అవేవీ చేయలేం, నిమిషానికోసారి స్క్రీన్‌ను కిందికి లాగి రిఫ్రెష్ చేస్తూ నిలబడతాం.

ఆయన నిరుడు బదిలీ అయ్యాడు. ఆ కిటికీ పక్కన ఇప్పుడు పెద్ద స్క్రీన్ పెట్టారు. బాగుంది, దూరం నుంచి కూడా అక్షరాలు కనిపిస్తాయి. ఆయన పని మా గ్రూపులో నేను మొదలుపెట్టాను. బండి కదలకపోతే ఇలా పెడతాను: 'ఇప్పుడు ఏం తెలియదు. 6.40కి మళ్లీ చెప్తా.' మొదటి రోజు అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. ఇప్పుడు 6.41 అయితే నాకు ఫోన్లు వస్తున్నాయి.