‘ఎవరూ చెప్పనిది నేను చెప్తా’ టైపు పొలిటికల్ యూట్యూబ్ ఛానల్ పెయిడ్ మెంబర్‌షిప్: నా రివ్యూ

ఛానల్ పేరు రాయట్లేదండీ, ఎందుకంటే ఇలాంటివి ఏ దేశంలో ఏ భాషలో చూసినా దాదాపు ఒకే పద్ధతిలో నడుస్తున్నాయి, పేరు పెడితే గొడవంతా ఆ ఒక్క మనిషి చుట్టూ తిరిగి అసలు విషయం పక్కకి పోతుంది. అధికార పార్టీ తప్పు, ప్రతిపక్షం తప్పు, పేపర్లు అమ్ముడుపోయాయి, నిపుణులు భయపడుతున్నారు, నేనొక్కడినే ఉన్నదున్నట్టు చెప్తున్నా, ఇదీ వరస. చాన్నాళ్ళు ఫ్రీ వీడియోలు చూశాక మెంబర్‌షిప్ తీసుకున్నా, మెంబర్లకి మాత్రమే పెట్టే లైవ్‌లు కూడా చూశాకే ఇది రాస్తున్నా.

ముందు మంచి చెప్పాలి. మనిషి కష్టపడి చదువుతాడు, అందులో డౌట్ లేదు. బడ్జెట్ మీద చేసిన వీడియో అయితే ఎవరికైనా చూపించొచ్చు, మొదట ప్రకటించిన అంకె, మధ్యలో సవరించిన అంకె, చివరికి నిజంగా ఖర్చు పెట్టింది, మూడూ పక్కపక్కన పెట్టి ఓపిగ్గా చెప్పాడు, టీవీ డిబేట్లలో ఆ ఓపిక ఎవరికీ ఉండదు. అసలు అందరూ ఒకటే మాట అంటున్నప్పుడు కాదు అనేవాడు ఉండాలి. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు అక్కడ సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయన్న ప్రచారాన్ని పెద్ద పెద్ద పత్రికలే సరిగ్గా నిలదీయకుండా మోశాయి, తీరా చూస్తే ఆయుధాలు దొరకలేదు, 2004లో న్యూయార్క్ టైమ్స్ తమ కవరేజ్ ఉండాల్సినంత గట్టిగా లేదని పాఠకులకి నోట్ రాసుకుంది. అదే టైమ్‌లో నైట్ రిడ్డర్ అనే సంస్థ విలేకరులు మాత్రం అమెరికా ప్రభుత్వం లోపల పనిచేసే అధికారులతో మాట్లాడి, ఆధారాలు సరిపోవట్లేదని యుద్ధానికి ముందే రాశారు. ఎదురు చెప్పడమంటే నాకు అదీ, ముందు తవ్వి చూసి తర్వాత కాదనడం.

ఈ ఛానల్లో కాదనడం ముందు, తవ్వడం తర్వాత. ఒక వీడియోలో ఏదో రిపోర్టు పేజీ స్క్రీన్ మీద పెట్టి ఒక లైన్ పసుపు రంగు పూసి చూపించాడు, ఆ కింద లైను సరిగ్గా ఆయన మొహం ఉన్న బాక్స్ వెనక్కి పోయింది. నేను ఆ రిపోర్టు డౌన్‌లోడ్ చేసి చదివితే, ఆ కింద లైనులోనే ‘సర్వేలో పాల్గొన్నవాళ్ళు తక్కువ కాబట్టి దీన్ని అందరికీ వర్తింపజేయకూడదు’ అని ఉంది. వీడియో మొత్తం నడిచింది అందరికీ వర్తింపజేసే. డిస్క్రిప్షన్‌లో ఆ రిపోర్టు లింకు లేదు, మెంబర్‌షిప్ లింకు మాత్రం మొదటి లైన్‌లోనే ఉంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది లైవ్‌లు. జనం మీద ఈయన ప్రభావం గురించి అందరూ మాట్లాడతారు గానీ ఈయన మీద జనం ప్రభావం కూడా తక్కువేం కాదు, అది మెంబర్‌షిప్ తీసుకున్నాకే కనపడింది. యూట్యూబ్‌లో సూపర్ చాట్‌కి, అంటే లైవ్‌లో డబ్బు కట్టి పెట్టే మెసేజ్‌కి, ఎక్కువ డబ్బు పెడితే దాని రంగు మారుతుంది, పైన ఎక్కువసేపు నిలబడుతుంది, ఆ డబ్బులో, మెంబర్‌షిప్ డబ్బులో 70 శాతం ఛానల్‌కే వెళ్తుంది. ఒక లైవ్‌లో ఈయన ఏదో ప్రభుత్వ నిర్ణయం గురించి ‘ఇది మాత్రం కరెక్టే’ అన్నాడు. అంతే, చాట్‌లో ‘ఎంతకి అమ్ముడుపోయావన్నా’, ‘నువ్వు కూడానా’ అని వరద, సూపర్ చాట్‌లు ఆగిపోయాయి. తర్వాతి వీడియోలో అదే నిర్ణయం వెనక పెద్ద కుట్ర ఉందన్నాడు, కొత్త ఆధారం ఒక్కటి కూడా చూపించలేదు. ‘పోయినసారి కరెక్టే అన్నారు కదండీ’ అని మర్యాదగానే అడిగిన కామెంటు కాసేపటికి కనపడలేదు.

డబ్బు చూసేవాళ్ళ నుంచే రావాలని కూడా లేదు, 2024 సెప్టెంబర్‌లో అమెరికా న్యాయశాఖ పెట్టిన కేసు చూడండి, రష్యా ప్రభుత్వ ఛానల్ ఆర్‌టీ ఉద్యోగులిద్దరు టెన్నెసీలోని ఒక కంపెనీకి సుమారు కోటి డాలర్లు గుట్టుగా పంపి పేరున్న కామెంటేటర్లతో వీడియోలు చేయించారని ఆరోపణ. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో మాకు తెలీదని ఆ కామెంటేటర్లలో చాలామంది చెప్పారు. తెలీదనే అనుకుందాం, కానీ మేము ఎవరి మాటా వినం అని రోజూ చెప్పే మనిషికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో అడిగే హక్కు చూసేవాళ్ళకి ఉండాలి కదా.

ఇక చూసేవాళ్ళ సంగతి. 2023లో సైన్స్ అడ్వాన్సెస్‌లో వచ్చిన ఒక స్టడీ ప్రకారం ఇలాంటి ఛానళ్ళలో తీవ్రమైనవాటిని ఎక్కువగా చూసేది యూట్యూబ్ అల్గారిథం (ఎవరికి ఏ వీడియో చూపించాలో తేల్చేది) కొత్తగా లాక్కొచ్చిన వాళ్ళు కాదు, ముందే కోపంగా ఉండి సబ్‌స్క్రైబ్ చేసుకున్నవాళ్ళు. మా బాబాయిని చూస్తే నాకు అది నిజమే అనిపిస్తుంది, ఆయనకి వ్యవస్థల మీద కోపం ఎప్పట్నుంచో ఉంది, దానికి కారణాలూ ఉన్నాయి. ఒకప్పుడు రెండు పేపర్లు చదివి ఎవరితోనైనా వాదించేవాడు. ఇప్పుడు పెద్ద వార్త వస్తే ‘ఆగు, ఆయన వీడియో రానీ’ అంటాడు, వచ్చాక అందులో మాటలే మళ్ళీ చెప్తాడు, ఆధారం అడిగితే ‘వాళ్ళు దాచేస్తారుగా’ అంటాడు. ఆ మాటకి ఏ కాగితం చూపించినా జవాబవ్వదు. పైగా అదే మాట షార్ట్స్‌లో ముక్కలు ముక్కలుగా రోజంతా వస్తుంటే, పదేపదే విన్నది నిజంలా అనిపించడం మనుషులందరికీ ఉన్నదే, 1977 నుంచీ పరిశోధనల్లో తేలుతూనే ఉంది. బాబాయి తెలివి తక్కువేం కాదు, అందుకే నాకు ఎక్కువ బాధ.

నా రేటింగ్ అయిదుకి రెండు, ఆ రెండూ బడ్జెట్ వీడియో లాంటివాటికి, అవి ఎలాగూ ఫ్రీగానే ఉన్నాయి. డబ్బు కట్టే ముందు ఏడాది కిందటి వీడియోలు రెండు మూడు తీసి, ఖచ్చితంగా జరుగుతుందన్నది జరిగిందో లేదో, జరక్కపోతే ఆ తర్వాత ఎక్కడైనా ఒప్పుకున్నాడో లేదో చూడండి. ఆల్రెడీ తీసుకున్నవాళ్ళు ఎప్పుడు క్యాన్సిల్ చేసినా ఆ నెల గడువు అయ్యేదాకా మెంబర్ వీడియోలు వస్తాయి కాబట్టి చివరి రోజు దాకా ఆగక్కర్లేదు. నేను చేసేశా.