లారీకి జీపీఎస్ పెట్టె, డీజిల్ రాడ్: పెట్టిన డబ్బు ఎక్కడ తిరిగొస్తుంది?

చిత్తూరు, పలమనేరు, తిరుపతి వైపు లారీ ఓనర్లకు ఈమధ్య అందరూ అంటగడుతున్న సరుకు ఒకటుంది: జీపీఎస్ పెట్టె, ట్యాంకులో దించి డీజిల్ మట్టం కొలిచే రాడ్, ఫోన్లో యాప్. అమ్మేవాళ్లు ముందుగా చూపించేది మ్యాపు మీద కదిలే లారీ బొమ్మ. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, దాన్ని చూస్తూ కూర్చుంటే లీటరు డీజిల్ కూడా మిగలదు. ఈ కిట్ విలువంతా రెండు అంకెల్లో ఉంది. ఇంజిన్ కాల్చింది ఎంత, ట్యాంకులో తగ్గింది ఎంత. రెండూ పక్కపక్కన చూపిస్తే కొనండి. ఒక్కటే చూపిస్తే బేరం గట్టిగా ఆడండి.

మొదటి అంకె కొత్త బండ్లలో సులువుగానే దొరుకుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక ప్రతి ఇంజిన్‌కీ ఈసీయూ ఉంది, అంటే ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటరు. ఏ ఇంజెక్టర్‌తో ఎంత డీజిల్ కొట్టాలో లెక్కేసేది అదే, ఆ లెక్కను క్యాన్ వైర్ల (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే తీగల) మీద బయటికి పంపేదీ అదే. టాటా ఫ్లీట్ ఎడ్జ్, అశోక్ లేలాండ్ ఐ-అలర్ట్, భారత్‌బెంజ్ ట్రక్కనెక్ట్ లాంటి కంపెనీ యాప్‌లకు ఈ సమాచారమే ఆధారం. ట్రిప్ మైలేజీకి ఇది చాలు. ట్యాంకులోంచి ఎవరైనా పైపు వేసి లాగితే మాత్రం ఈసీయూకి తెలియదు, ఎందుకంటే ఆ డీజిల్ ఇంజిన్ దాకా రానే రాదు. డ్యాష్‌బోర్డు ముల్లును నడిపే ఫ్లోటు మీద ఆధారపడితే పది, పదిహేను లీటర్ల తేడా కుదుపుల్లో కలిసిపోతుంది. అందుకే రాడ్.

రాడ్ మంచిదా చెడ్డదా అన్నదాని కంటే బిగించిన మేస్త్రీ ఎలాంటివాడన్నదే ముఖ్యం. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతున్న 300 లీటర్ల ట్యాంకు అనుకోండి. అందులో ఒక సెంటీమీటరు ఎత్తు అంటే 5 లీటర్లు. రాడ్‌ను ట్యాంకు నడిమధ్యలో కాకుండా ముందు కొసన పెడితే, వంద అడుగులకు ఆరడుగులు ఎక్కే రోడ్డు మీద అక్కడ డీజిల్ మట్టం 3 సెంటీమీటర్లు పడిపోతుంది. అంటే చుక్క పోకుండానే 15 లీటర్లు పోయినట్టు ఫోన్ మోగుతుంది. మొగిలి ఘాట్ ఎక్కిన ప్రతిసారీ దొంగతనం అలర్ట్ వస్తోందంటే డ్రైవర్ మీద అరిచే ముందు రాడ్ ఎక్కడుందో చూడండి.

రాడ్‌ను లోతుకు తగ్గట్టు కోసి, అడుగున 2 సెంటీమీటర్ల సందు వదలాలి. వదలకపోతే కుదుపులకు అడుగు తగిలి వంగుతుంది. మురికి, నీళ్లు కూడా అక్కడే చేరతాయి. ఈ రాడ్లలో ఎక్కువ భాగం డీజిల్ విద్యుత్ గుణాన్ని బట్టి కొలిచేవి. నీటికి ఆ గుణం డీజిల్ కంటే చాలా రెట్లు ఎక్కువ కాబట్టి, రాడ్‌లో ఉండే రెండు గొట్టాల మధ్య నీళ్లు చేరితే సగం ట్యాంకును నిండు ట్యాంకుగా చూపిస్తుంది. అడుగున వదిలిన ఆ సందులో 10 లీటర్లు రాడ్‌కు కనపడవు. దాన్ని లోపం అనుకోనక్కర్లేదు, లెక్కలో పెట్టుకుంటే చాలు.

రంధ్రం వేసేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. డ్రిల్లు బిట్‌కు గ్రీజు పూసుకుంటే ఇనప రజను దానికి అంటుకుంటుంది. మిగిలింది ట్యాంకు విప్పి కడగాలి. అయస్కాంతంతో తీసేస్తాం అని ఎవరైనా అంటే, మీది అల్యూమినియం ట్యాంకేమో చూసుకోండి, దాని రజను అయస్కాంతానికి అంటదు. డీజిల్‌ను ఇంజిన్‌లోకి చిమ్మే కామన్ రైల్ ఇంజెక్టర్ దాకా ఆ రజను చేరితే, రాడ్ ధరకు ఎన్నో రెట్లు వర్క్‌షాపులో కట్టాల్సి వస్తుంది.

తర్వాత కాలిబ్రేషన్, అంటే రాడ్ రీడింగ్‌ను అసలు లీటర్లతో సరిచూసి పట్టిక వేయడం. చాలామంది ఎగ్గొట్టే పని ఇదే: ట్యాంకు కొలతలు యాప్‌లో కొట్టేసి "అయిపోయింది సార్" అంటారు. అలా కాదు. చదునైన నేల మీద బండి నిలిపి, ట్యాంకు ఖాళీ చేసి, 20 లీటర్ల చొప్పున పోస్తూ ప్రతిసారీ రీడింగ్ కుదురుకునేదాకా ఆగి రాసుకోవాలి. 300 లీటర్లకు 15 మెట్లు. బంకులోనే పెట్టుకుంటే 20 లీటర్లకు ప్రీసెట్ చేసి కొట్టించుకోవచ్చు. ఆ పట్టిక కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. పెట్టె మార్చినా, కంపెనీ మారినా అదే పనికొస్తుంది. రెండు ట్యాంకులుంటే రెండు రాడ్లు, రెండు పట్టికలు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. డీజిల్ ఒక డిగ్రీకి సుమారు 0.08 శాతం వ్యాకోచిస్తుంది. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద మధ్యాహ్నం ఆపిన బండి తెల్లవారుజామున 20 డిగ్రీలు చల్లబడితే, 300 లీటర్లలో 5 లీటర్ల దాకా తగ్గినట్టు కనిపిస్తుంది. డ్రెయిన్ అలర్ట్‌ను (దొంగతనం హెచ్చరికను) 5 లీటర్లకు పెట్టుకున్నవాళ్లకు రాత్రంతా నిద్ర ఉండదు. 8 నుంచి 10 లీటర్లు సరైన హద్దు. అదీ బండి ఆగి ఉన్నప్పుడు, కొన్ని నిమిషాల సగటు మీద.

ఇక అసలు లెక్క. ట్రిప్‌లో ఈసీయూ 96 లీటర్లు కాలిందంటే, రాడ్ 98 తగ్గిందంటే వదిలెయ్యండి. రాడ్ 121 అంటే కూర్చుని మాట్లాడాలి. ముందు లీకు, రిటర్న్ లైను (మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిప్పి పంపే పైపు) చూసి, ఆ తర్వాతే మనిషిని అడగండి. బంకు బిల్లు 200 లీటర్లు ఉండి రాడ్ 194 చూపిస్తే వెంటనే గొడవకు దిగకండి. పది నిమిషాలు చదునులో నిలిపి మళ్లీ చూడండి. మూడు, నాలుగు సార్లు ఒకే బంకులో అదే తేడా వస్తే అప్పుడు అడగొచ్చు.

ఎక్కువమంది ఓనర్లు తెరవని రిపోర్టు ఒకటుంది, నాకైతే అన్నిటికంటే అదే ఇష్టం: న్యూట్రల్ రిపోర్టు. పలమనేరు నుంచి బంగారుపాళెం వైపు దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని గేరు తీసేసే అలవాటు పాతకాలపు పంపు ఇంజిన్ల నాటిది. ఇప్పటి ఇంజిన్లో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఈసీయూ డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకు డ్రమ్ముల మీద పడి అవి వేడెక్కుతాయి. స్పీడు 40 దాటి, ఆర్పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఉన్నప్పటి స్థాయిలో, ఉంటే యాప్ పట్టేస్తుంది. ఇది డ్రైవర్‌కు చూపించి చెబితే చాలు, జరిమానా అక్కర్లేదు.

ఐడిల్ రిపోర్టు మామిడి సీజన్లో చూడాలి. తోతాపురి లోడుతో పల్ప్ ఫ్యాక్టరీ ముందు క్యూలో గంటల తరబడి ఇంజిన్ ఆన్‌లో ఉంటే పొగ గొట్టంలో మసిని ఆపే ఫిల్టరు, డీపీఎఫ్‌కు, మసి పేరుకుంటుంది. దాన్ని కాల్చేంత వేడి ఐడిల్‌లో రాదు. దీపం వెలిగినా పట్టించుకోకపోతే పవర్ తగ్గి, చివరికి బండి వర్క్‌షాపుకే. దీపం రాగానే హైవే మీద కొంతసేపు లాగడమో, ఆపి రీజెనరేషన్ (ఆ మసిని కాల్చేసే పని) పెట్టడమో చేయాలి. పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం, యాడ్‌బ్లూ మట్టం కూడా అదే తెరలో ఉంటుంది. అందులో యూరియా 32.5 శాతం ఉండాలి. నీళ్లు కలిపితే సెన్సర్ పట్టేసి ఇంజిన్ బలం తగ్గించేస్తుంది.

వైరింగ్‌లో రాజీ పడొద్దు. క్యాన్ వైరు తొక్క ఒలిచి టేపు చుట్టేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. వర్షాకాలంలో అక్కడే తుప్పు పట్టి, సంబంధం లేని దీపాలన్నీ వెలుగుతాయి, వారంటీ మాటా ఎగిరిపోతుంది. వైరు పైనుంచే చదివే క్లిప్పులు దొరుకుతాయి. మెయిన్ పవర్‌కు విడిగా ఫ్యూజు వేయించండి. భాకరాపేట ఘాట్ లాంటి చోట్ల సిగ్నల్ పోయినా పెట్టె డేటా దాచుకుని తర్వాత పంపాలి. కొనేముందు సిమ్ తీసేసి, బండి కొంతదూరం తిప్పించి, మళ్లీ సిమ్ పెట్టి చూడండి. మధ్యలో దారి ఖాళీగా ఉంటే ఆ పెట్టె వద్దు.

ప్రయాణికుల బస్సులవాళ్లు ఒకటి గమనించాలి: మీకు ఏఐఎస్-140 (ట్రాకర్లకు ప్రభుత్వ ప్రమాణం) ఆమోదం ఉన్న ట్రాకరు, ఎమర్జెన్సీ బటన్లు కావాలి. మామూలు జీపీఎస్ పెట్టె, ఎంత మంచిదైనా, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర చెల్లదు.

ఒకే లారీ ఉండి, దాన్ని మీరే నడుపుకుంటుంటే రాడ్ అనవసరం, కంపెనీ యాప్ సరిపోతుంది. మూడు, నాలుగు బండ్లు డ్రైవర్ల చేతిలో ఉంటే తీసుకోండి. అప్పుడు కూడా కిట్ ధర కంటే రెండో ఏడాది రెన్యువల్ ఎంతో, పాత డేటా ఎన్నాళ్లు ఉంచుతారో, రాడ్ చెడితే చిత్తూరుకే వచ్చి చూస్తారా లేక బెంగళూరుకు కొరియర్ చేయమంటారా, ఈ మూడూ బిల్లు మీద రాయించుకోండి.