బ్లూబెర్రీ అని చెప్పి వాక్కాయ మొక్కలు అంటగడుతున్నారు, హనుమకొండ వాళ్లు చూసుకుని కొనండి

ట్రాలీ ఆటోల్లో గల్లీ గల్లీ తిరిగి మొక్కలు అమ్మేవాళ్ల దగ్గర బ్లూబెర్రీ కొనాలనుకుంటే ముందు ఇది చదవండి.

మృగశిర కార్తెలో మా ఇంటి ముందుకు ఒక బండి వచ్చింది. ఫోన్‌లో గుత్తులుగా వేలాడే నీలి పండ్ల ఫొటో చూపించి, "మన ఎండకు తట్టుకునే రకం మేడం, ఏడాదిలో కాపుకొస్తది" అన్నాడు. నాన్నకు ఆ పండ్లంటే ఇష్టం, బజార్లో చిన్న డబ్బా కొనాలన్నా ఖరీదే. అందుకని 650 చొప్పున మూడు మొక్కలు తీసుకున్నాను.

దసరాకు ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మ కుండీ దగ్గర కూర్చుని ఒక ఆకు తుంచింది. తుంచిన చోట తెల్లటి పాలు బొట్టుగా ఊరాయి. "గిది కలేకాయ చెట్టు బిడ్డా, మా చెలక గట్టు మీద బొచ్చెడుంటయి" అంది. కలేకాయ అంటే వాక్కాయే. అప్పుడు చూశాను, ఆకులు జంటగా ఎదురెదురుగా ఉన్నాయి, కణుపుల దగ్గర ముళ్లు గట్టిపడుతున్నాయి. బ్లూబెర్రీకి పాలు కారవు, ముళ్లుండవు, ఆకులు కొమ్మకు అటొకటి ఇటొకటి వస్తాయి. వాక్కాయ మంచి మొక్కే, పప్పులో పులుపు బాగుంటుంది. కానీ నేను డబ్బులిచ్చింది దానికి కాదు. అమ్మినతని నంబర్ ఇప్పుడు కలవడం లేదు.

అసలైన మొక్కే దొరికినా తొందరపడకండి. బ్లూబెర్రీకి పీహెచ్ 4.5 నుంచి 5.5 ఉండే పుల్లటి మట్టి కావాలి. మన రేగడిలో అది బతకదు. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు పోస్తూ పోతే ఇనుము అందక, ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య ఆకు పసుపెక్కుతుంది. వాన నీళ్లు పట్టి పెట్టుకోగలరా అన్నది ముందే ఆలోచించుకోండి. చల్లటి దేశాల హైబుష్ అనే బ్లూబెర్రీ రకాలు బాగా కాయాలంటే 7 డిగ్రీల లోపు చలి దాదాపు 800 గంటలు పడాలి, మనకు సంక్రాంతి చలిలో కూడా అది జరిగే పని కాదు. మిస్టీ, షార్ప్‌బ్లూ లాంటి సదరన్ హైబుష్ రకాలకు చాలా తక్కువ చలి సరిపోతుంది. వాటికైనా మన మే ఎండలో నీడ వల తప్పదు. రకం పేరు చెప్పలేనివాడి దగ్గర కొనవద్దు.

పోయిన ఆదివారం నయీంనగర్‌లో అలాంటి ఫొటోతోనే ఒక బండి తిరిగిందట. మీ గల్లీకి వస్తే డబ్బులిచ్చే ముందే ఒక ఆకు తుంచి చూడండి. తుంచనివ్వకపోతే బండిని పోనివ్వండి.