భారతం: పద్యమా, వచనమా, ప్రవచనమా?

భారతం చదవాలనుంది, కవిత్రయం మూలమే పట్టుకోవాలా, వచనం సరిపోతుందా అని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఉద్యోగ విరమణ దగ్గరపడినవారే కాదు, ముప్పయ్యేళ్ల వారూ అడుగుతున్నారు. మూడు దారులూ నడిచి చూశాను కనుక నాకు తోచింది చెబుతాను.

ప్రవచనం వైపు సామెతే సాక్ష్యం చెబుతుంది. వింటే భారతం వినాలన్నారు గానీ చదివితే అనలేదు! కూరగాయలు తరుగుతూ వినవచ్చు, బస్సులో వినవచ్చు. అయితే వక్త ఆగిన చోటే మనమూ ఆగాలి, ఆయన దాటేసిన ఘట్టం మనకు లేనట్టే.

వచనం మేలు వేరు. మన భారతంలో సగం సినిమాల నుంచి వచ్చినదే. ఏది అసలు కథ, ఏది తెరమీది కల్పన అని తేల్చుకోవడానికి ఒక మంచి వచన గ్రంథం చాలు. కథ కోసమే అయితే అక్కడితో ఆగినా తప్పులేదు. అరగంట వీడియోల సంగతి ఎత్తను, అవి చదువు కిందికి రావు.

నన్ను పద్యం వైపు తిప్పింది ఒక్క మాట. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవ సభలో చెప్పే ‘సారపు ధర్మమున్’ పద్యం చాలామందికి నోటికి వచ్చు. దాని సారాంశాన్ని ‘ధర్మం చెడుతుంటే చూస్తూ ఊరుకోకూడదు’ అని ఒక వాక్యంలో చదివి, మంచి మాటే అనుకుని పేజీ తిప్పేశాను. తరువాత ఎప్పుడో తిక్కన పద్యం తెరిస్తే ‘దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’ అని ఉంది. దక్షులు! ఊరుకున్నవారందరినీ కాదు, ఆపగల సత్తా ఉండి ఊరుకున్నవారిని అంటున్నాడు. ఎదురుగా భీష్ముడు, ద్రోణుడు కూర్చుని ఉన్నారు. చేటు ధర్మానికి కాదు, దాన్ని దైవం కాచుకుంటుంది; చేటు వీళ్లకే. ఆ ఒక్క మాట జారిపోతే బెదిరింపు కాస్తా నీతివాక్యమై కూర్చుంటుంది.

పద్యం అర్థం కాదన్న భయం అక్కర్లేదు. తిరుమల తిరుపతి దేవస్థానాలు వేసిన కవిత్రయ భారతంలో పద్యం కిందే ప్రతిపదార్థం, తాత్పర్యం ఉన్నాయి. చిక్కల్లా కన్ను నేరుగా తాత్పర్యం మీదికి దూకడం. కొన్నాళ్లు నేనూ అలాగే చదివి, చదివింది వచనమేనని ఆలస్యంగా గ్రహించాను. ఇప్పుడు ముందు పద్యం పైకి చదువుతాను, తరువాత అర్థం, మళ్లీ పద్యం.

ఆదిపర్వంతో మొదలుపెట్టి నన్నయ సంస్కృత సమాసాల దగ్గరే పుస్తకం మూసేసినవారు నాకు తెలుసు. నన్నడిగితే తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టండి. అయిదు ఆశ్వాసాలే, సంభాషణలు మన ఇంట్లో మాటల్లా ఉంటాయి, వానల కోసం ఊళ్లలో చదివించిన పర్వం కూడా అదే. తొందర మాత్రం వద్దు. కీచకుణ్ణి చంపడానికి భీముడికి ఒక రాత్రి చాలింది, రోజుకు నాలుగైదు పద్యాల లెక్కన నాకు నెలలు పట్టింది.